గాజుల డబ్బుతో గేమింగ్ కంప్యూటర్

"అమ్మా, నువ్వు షాపుకెందుకు? నీకేం తెలుస్తుంది? నేనూ బావా వెళ్ళి తెచ్చుకుంటాంలే" అన్నాడు మా అబ్బాయి.

"బంగారం కొట్టుకెళ్తే మీ నాన్న కూడా తూకం నన్నే చూడమంటారు. డబ్బు నా చేతిలోంచి పోతున్నప్పుడు వస్తువూ నేనే చూస్తాను" అన్నాను.

అలా 2023 మే నెలలో, మండుటెండలో కొంగు నెత్తిన కప్పుకుని, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కాను. అందరూ సీటీసీ అంటారే, అదే. ఎటు చూసినా కంప్యూటర్ కొట్లే. నేను డిగ్రీ చదివాను, ఏదో నాలుగు కథలు రాసుకుంటాను. కానీ నిజం చెప్పొద్దూ, కంప్యూటర్ అంటే పైన ఒక టీవీ, కింద ఒక పెట్టె అన్నంత వరకే నాకు తెలుసు.

మరి అంత తెలియనిదాన్ని డెబ్బై వేలు పట్టుకుని అక్కడికెందుకు వెళ్ళానూ అంటే, దానికో కథ ఉంది.

నోట్‌బుక్కులో దొరికిన లెక్క

ఆ ఏడాది మావాడి టెన్త్ పరీక్షలైపోయాయి. వేసవి కోచింగ్ కోసమని 4,000 ఇచ్చి పంపాం. మూడు వారాల తర్వాత కోచింగ్ సెంటర్ నుంచి ఫోన్. "మీ బాబు అసలు చేరనే లేదండీ" అని. ఆరా తీస్తే ఆ డబ్బంతా గంటకింతని తీసుకునే గేమింగ్ సెంటర్‌కి పోసేశాడు. మావారు ఎప్పుడూ గొంతెత్తని మనిషి. ఆ రోజు వీధి చివరిదాకా వినిపించేలా అరిచారు. "ఇవాళ ఆటలు, రేపు పందాలు" అన్నారు. వాడు నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తండ్రీ కొడుకులు ఒకరు హాల్లో ఉంటే ఒకరు గదిలో.

వాడి గది సర్దుతుంటే ఓ నోట్‌బుక్కు దొరికింది. వెనక పేజీల నిండా కంప్యూటర్ భాగాల పేర్లు, ఎదురుగా ధరలు. ఒకటి కొట్టేసి ఇంకొకటి, అదీ కొట్టేసి మరొకటి. ఆరు నెలలుగా రాస్తున్నట్టున్నాడు. ప్రతి పేజీ కిందా ఒకటే మాట, "నలభై వేలు దాటకూడదు" అని. మనవల్ల అయ్యేది అంతేనని వాడే అనుకున్నాడన్నమాట. నా కథల చిత్తుప్రతులు కూడా అలాగే ఉంటాయి, కొట్టివేతల మీద కొట్టివేతలు. వాడు చేసింది తప్పే. కానీ ఇంత ఓపికగా లెక్కలు వేసుకున్న పిల్లాణ్ణి దొంగ అనడానికి నాకు నోరు రాలేదు.

2020 లాక్‌డౌన్‌లో మావారి జీతం సగమైనప్పుడు నా బంగారు గాజులు అమ్మేశాం. మళ్ళీ చేయించుకుందామని నెలనెలా చిట్టీ కట్టాను. అది ఎత్తితే 74,000 చేతికొచ్చింది. ఓ రాత్రంతా ఆలోచించి వాడితో చెప్పాను. "ఇందులో నువ్వు పాడు చేసిన నాలుగు వేలూ తీసేస్తున్నాను. మిగిలింది డెబ్బై. అందులో ఒక్క రూపాయి దాటకూడదు. ఏ భాగం ఎందుకు కొంటున్నావో నాకు అర్థమయ్యేలా చెప్పాలి. నాకు అర్థం కానిది కొనేది లేదు."

మావారు మాత్రం "నీ ఇష్టం" అన్నారు. ఆ మాటకి అర్థం ఏమిటో పెళ్ళయిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు! పందాల భయం ఆయనది. డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణలో 2017లోనే నిషేధించారు, 2025లో కేంద్రమూ చట్టం చేసింది. మావాడు ఆడేవి అవి కావని ఆయనకి నచ్చజెప్పడానికి నాకు చాలా రోజులే పట్టింది.

ఎంతమందికి వంట?

ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుణ్ణి పిలిపించాను. వాడడిగిన మొదటి ప్రశ్న నాకు భలే నచ్చింది. "ఏ కంప్యూటర్ కావాలని కాదత్తా, ఏ ఆటలు ఆడతాడు, ఏ తెర మీద ఆడతాడు? అది ముందు చెప్పించు" అన్నాడు. ఎంతమందికి వంటో తెలియకుండా బియ్యం కొలవం కదా, అలాగన్నమాట.

తెర మీద బొమ్మ చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080, అంటే సుమారు 20 లక్షల 73 వేల చుక్కలు. 4కే తెర అయితే దానికి సరిగ్గా నాలుగింతలు, 83 లక్షలకి దగ్గర. ఆ చుక్కలన్నిటికీ సెకనుకి ఎన్నోసార్లు రంగులు వేసే పని గ్రాఫిక్స్ కార్డుది. తెర పెద్దదైతే కార్డు కూడా పెద్దది కావాలి, ఖర్చు ఎక్కడికో వెళ్తుంది. అందుకని ఫుల్ హెచ్‌డీ దగ్గరే గీత గీసేశాం. సగం బేరం అక్కడే తేలిపోయింది.

ఐ7 అనే మాయ

సీటీసీలో మొదటి కొట్టు. లోపల రంగు రంగుల దీపాలతో అద్దాల పెట్టె ఒకటి పెళ్ళి మండపంలా మెరిసిపోతోంది. "మేడం, ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. మొత్తం 28,000కే ఇచ్చేస్తాం" అన్నాడు కొట్టతను. నాకైతే ప్రాణం లేచొచ్చింది. సగానికి పైగా డబ్బు మిగులుతుంది, గాజులు కూడా కొనుక్కోవచ్చు!

"ఎన్నో తరం ఐ7 అండీ?" అని మా మేనల్లుడు నెమ్మదిగా అడిగాడు. అతను గొణిగాడు. నాలుగో తరంది. అంటే 2013 నాటిది. ఈ కిటుకు మీరూ గుర్తుపెట్టుకోండి. ఇలాంటి ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ3, ఐ5, ఐ7 తర్వాత వచ్చే అంకె తరాన్ని చెబుతుంది. 4770 అంటే నాలుగో తరం, 12400 అంటే పన్నెండో తరం. పాత ఐ7 కంటే పన్నెండో తరం ఐ3 ఎంతో నయం. పైగా విండోస్ 11కి ఎనిమిదో తరం, ఆ పైవే పనికొస్తాయని మైక్రోసాఫ్ట్ నియమం.

ఆ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు కూడా 2014 నాటి జీటీ 730. జీబీలు కార్డు మీద ఉన్న మెమరీ కొలతే గానీ దాని బలం కాదట. డబ్బా పెద్దదైనంత మాత్రాన లోపల పప్పు మంచిదవుతుందా? అద్దాల పెట్టె ఎంత మెరిసినా లోపలి సరుకు పదేళ్ళ నాటిది. పట్టుచీర అంచు చూసి మురిసి, ఇంటికొచ్చాక నేత చూసి ఏడ్చినట్టు అయ్యేది నా పని!

ఇంకో కొట్టులో పాత గ్రాఫిక్స్ కార్డు సగం ధరకిస్తామన్నారు. దాని వెనకా ఓ సంగతుంది. కరోనా రోజుల్లో ఈథీరియం లాంటి క్రిప్టో కరెన్సీ తయారు చేయడానికి జనం ఈ కార్డుల్ని ఎగబడి కొని, రాత్రింబవళ్ళు నడిపారు. అప్పుడు ధరలు ఆకాశానికంటాయి. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియం పద్ధతే మారిపోయి, కార్డులతో పని లేకుండా పోయింది. అలా అరిగిన కార్డులెన్నో పాతసరుకు బజారుకొచ్చాయి. వాటిలో మంచివీ ఉంటాయి. కానీ ఏది ఎంత అరిగిందో చూసి చెప్పే కన్ను మాకు లేదు. వారంటీ లేనిది వద్దనుకున్నాం.

ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గాలి

ఆటల కంప్యూటర్‌లో ఎక్కువ డబ్బు గ్రాఫిక్స్ కార్డుకి పోవాలి. పెట్టె ఖర్చులో మూడో వంతు పైన దానికే పెట్టాం. మావాడి మనసు 27,000 చెప్పిన ఆర్‌టీఎక్స్ 3060 మీద ఉంది. దాని కంటే ఆరు వేలు తక్కువలో ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 6600 దొరుకుతోంది. 8 జీబీ మెమరీ, ఫుల్ హెచ్‌డీ తెరకి ఉద్దేశించిందే. కరెంటు కూడా తక్కువే, గరిష్ఠంగా 132 వాట్లు.

ప్రాసెసర్ రైజెన్ 5 5600. లోపల ఆరు కోర్లు, అంటే ఆరుగురు పనివాళ్ళు. దాన్ని చల్లబరిచే ఫ్యాను డబ్బాలోనే వస్తుంది, వేరే కొనక్కర్లేదు. రేపు చేతిలో నాలుగు డబ్బులు ఆడితే అదే మదర్‌బోర్డులో ఇంకా పెద్ద ప్రాసెసర్ పెట్టుకునే వీలుంది.

ర్యామ్ 16 జీబీ. ఒకే 16 ముక్క కాకుండా రెండు 8లు కొనమన్నాడు మేనల్లుడు. రేషన్ షాపులో ఒక కిటికీ దగ్గర బారులు తీరడానికీ రెండు కిటికీలు తెరవడానికీ ఉన్న తేడా అన్నమాట. అలాగే డీడీఆర్4, డీడీఆర్5 అని రెండు రకాలున్నాయి. ఒకదాని స్లాటులో రెండోది పట్టదు. బోర్డు దేనిదో చూసే ర్యామ్ కొనాలి.

ఇక ఎస్ఎస్‌డీ. ఇది ఆటని వేగంగా ఆడించదు, త్వరగా తెరుచుకునేలా చేస్తుందంతే. కానీ ఈ కాలపు పెద్ద ఆటలు కొన్ని ఒక్కొక్కటీ 100 జీబీ దాటి తింటాయి. అందుకని 500 జీబీ బదులు 1 టీబీ తీసుకున్నాం.

కంటికి కనిపించని సామాను

లెక్క వేస్తే 3060 కార్డుతో డెబ్బై వేలూ దాటిపోతోంది. మావాడు వెంటనే అన్నాడు. "అమ్మా, ఎస్ఎంపీఎస్ లోకల్‌ది 900కే వస్తుంది. 500 వాట్లని రాసే ఉంది. దాని దగ్గర తగ్గిస్తే కార్డు వచ్చేస్తుంది!"

ఎస్ఎంపీఎస్ అంటే గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటుని లోపలి భాగాలకి తగిన సన్నని కరెంటుగా మార్చే డబ్బా. అది బయటికి కనిపించదు, ఆటలో ఒక్క బొమ్మనీ అందంగా చేయదు. అందుకే అందరూ మొదట కోత పెట్టేది దానికే. మేనల్లుడి హాస్టల్లో ఒకబ్బాయికి ఇలాంటి చవక డబ్బా ఓ రాత్రి ఠప్పుమని పేలి, పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా పట్టుకుపోయిందట. డబ్బా మీద 500 అని ఎవరైనా అచ్చు వేయొచ్చు, నిలకడగా ఇవ్వాలి కదా!

నేను కాగితం తీసుకుని కూడిక వేశాను. ప్రాసెసర్‌కి 65 వాట్లు, కార్డుకి 132, మిగతా అన్నిటికీ కలిపి ఇంకో యాభై, అరవై. 300 లోపే. మరి 550 వాట్లది ఎందుకూ అంటే, కార్డు ఒక్కోసారి క్షణకాలం ఎక్కువ లాగుతుంది, రేపు పెద్ద కార్డు వేసినా సరిపోవాలి. "80 ప్లస్" అనే ముద్ర కరెంటు వృథా తక్కువని చెబుతుందే తప్ప మన్నికకి హామీ కాదు. అందుకని ముద్రతో పాటు పేరున్న కంపెనీ, అయిదేళ్ళ వారంటీ కూడా చూశాం.

"ఇది తగ్గించేది లేదు. ఇంకేం తగ్గిస్తావో నువ్వే చెప్పు" అన్నాను.

వాడి ముఖం ముడుచుకుపోయింది. అయిదు నిమిషాలు ఆ నోట్‌బుక్కే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పెన్ను తీసి 3060ని కొట్టేశాడు. దాని కింద రంగు దీపాల క్యాబినెట్‌నీ కొట్టేశాడు. ముందు జాలీ ఉన్న నల్ల క్యాబినెట్ రాశాడు. మన ఎండలకి గాలాడడమే ముఖ్యం, అద్దాలు కాదు. ఆ రెండు గీతలు గీసినప్పుడు వాడు ఓ రెండేళ్ళు పెద్దవాడైనట్టు అనిపించింది నాకు.

ఇదీ మా బిల్లు

ప్రాసెసర్ 13,000. మదర్‌బోర్డు (బీ550 రకం) 8,500. ర్యామ్ 3,500. ఎస్ఎస్‌డీ 4,300. గ్రాఫిక్స్ కార్డు 20,500. ఎస్ఎంపీఎస్ 4,200. క్యాబినెట్ 3,200. సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చగల 24 అంగుళాల తెర 11,000. కీబోర్డు, మౌస్ 1,300. మొత్తం 69,500. మిగిలిన అయిదొందలూ ఆటోకీ, ముగ్గురి టిఫిన్లకీ సరి!

ఇవి 2023 నాటి మా బిల్లు అంకెలు మాత్రమే. వీటినే పట్టుకుని ఇప్పుడు కొట్టుకెళ్ళకండి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. అంకెలు మారుతుంటాయి, ఏది ముఖ్యం, ఏది కాదు అన్న వరస మాత్రం అంతగా మారదు.

నేను చేసిన తప్పూ ఒకటుంది. విండోస్‌కి కూడా డబ్బు కట్టాలని లెక్కలో రాసుకోలేదు. "దొంగ కాపీ వేసిస్తాం మేడం, అందరూ అదే వాడతారు" అన్నాడు కొట్టబ్బాయి. నాలుగు వేల అబద్ధానికి వాణ్ణి అన్నేసి మాటలన్నాం, ఇప్పుడు నేనే దొంగ సరుకు ఎలా పెట్టించను? మైక్రోసాఫ్ట్ సైటులోంచే దించుకుని, తెర మూల "యాక్టివేట్ చేయండి" అన్న గుర్తుతోనే కొన్నాళ్ళు నడిపి, దసరాకి అసలుది కొన్నాం.

నల్లటి తెర

సాయంత్రం ఆరింటికి డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి బావా బామ్మర్దులిద్దరూ బిగించడం మొదలుపెట్టారు. పదయ్యింది. మీట నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. "నో సిగ్నల్" అని రెండు ముక్కలు వచ్చి అవీ పోయాయి. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అంతే.

మావాడి చేతులు వణకడం చూశాను. నా గాజుల డబ్బంతా ఆ నల్లటి తెరలో మునిగిపోయినట్టు నా గుండె కూడా జారింది. హాల్లో మావారు పేపర్ మడిచిన చప్పుడైంది. ఇక మొదలవుతుందనుకున్నాను. ఆయన వచ్చి, పెట్టె వెనక్కి వంగి చూసి, "టీవీకి కూడా వైరు వేరే రంధ్రంలో పెడితే బొమ్మ రాదు కదరా. అదోసారి చూడు" అన్నారు.

అంతే! తెర వైరుని గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి పెట్టారు. మేం కొన్న ప్రాసెసర్‌లో బొమ్మ చూపించే ఏర్పాటు లేదు. వైరు మార్చగానే తెర వెలిగింది. వాడు ఎగిరి గంతేసి "నాన్నా!" అన్నాడు. నెల రోజుల తర్వాత వాళ్ళిద్దరి మధ్యా వినిపించిన మొదటి మాటలవి. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడ్డాను.

ఇంకో రెండు సంగతులు మర్నాడు తెలిశాయి. 3200 వేగం అని రాసిన ర్యామ్ 2400 దగ్గరే నడుస్తోంది, బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీ అనే మీట వేస్తే సరయ్యింది. 144 సార్ల తెర కూడా 60 దగ్గరే ఆగి ఉంది, విండోస్ సెట్టింగుల్లో మార్చాల్సి వచ్చింది. డబ్బు పోసి కొన్న వేగాన్ని వాడుకోకుండానే ఏళ్ళు గడిపేసేవాళ్ళు ఎంతమందో!

కొనబోయే అమ్మలకి నాలుగు మాటలు

ఏ ఆటలు, ఏ తెర అన్నది ముందు తేల్చుకోండి.

ఐ7 అన్న పేరు కాదు, ఏ తరమో అడగండి.

గ్రాఫిక్స్ కార్డుకి ఎక్కువ పెట్టండి. ఎస్ఎంపీఎస్‌కి తక్కువ పెట్టకండి. దీపాలకి ఏమీ పెట్టకపోయినా ఫరవాలేదు.

సీలు తీయని డబ్బాలు, జీఎస్టీ బిల్లు, బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు అడిగి తీసుకోండి. ఈ దేశంలో వారంటీ ఉందో లేదో కనుక్కోండి. ఇంట్లో ప్లగ్గుకి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్లల పక్కన కూర్చుని వాళ్ళ లెక్క వినండి.

కంప్యూటర్ ఇంట్లోకి రాగానే వాడు బుద్ధిమంతుడైపోయాడని నేను చెప్పను. రోజుకి గంటన్నర అన్న నియమం మీద ఇంటర్ రెండేళ్ళూ యుద్ధాలే. గాజుల మాటెత్తితే నాకు ఇప్పటికీ చురుక్కుమంటుంది. ఆ వేసవిలో అరవై వేల చిల్లర ఉన్న పది గ్రాముల బంగారం 2025లో లక్ష దాటేసింది మరి! కానీ వాడు మళ్ళీ గేమింగ్ సెంటర్ గడప తొక్కలేదు. ఆడితే ఇంట్లోనే, తలుపు తీసి పెట్టుకునే. పగలు వాడు కాలేజీకెళ్ళాక నేను అదే యంత్రం మీద నా కథలు టైపు చేసుకుంటున్నాను. ఆ పనికి అంత కార్డు అక్కర్లేదని మా మేనల్లుడు నవ్వుతుంటాడు.

ఈ మధ్య పక్కింటావిడ వాళ్ళబ్బాయికి కంప్యూటర్ కొంటూ మావాణ్ణి సలహా అడిగింది. వరండాలో మాటలు వంటింట్లోకి వినిపిస్తున్నాయి. "మీ ఇష్టం ఆంటీ, దీపాలు మానేయండి, కార్డు చిన్నది తీసుకోండి. ఆ కనిపించని డబ్బా దగ్గర మాత్రం పిసినారితనం చేయకండి" అంటున్నాడు.

పోపు మాడుతున్నా సరే, ఆ మాట పూర్తయ్యేదాకా విన్నాను.